ఆర్మూరులో నా సగం గోడ

ఆర్మూరు ఎలా ఉంది అని మా స్టాఫ్ రూములో అందరూ అడిగారు. బాగుంది అన్నాను. పసుపు, బండరాళ్ల గుట్ట, జొన్నరొట్టె, పోచంపాడు దగ్గర గోదావరి, అన్నీ బాగున్నాయి. ఒకటే ఇబ్బంది. ఏది చూసినా పక్కన నళిని ఉంది.

నళిని నా స్నేహితురాలు. తెనాలిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఇద్దరం డ్రాయింగ్ పరీక్షలు రాశాం. నేను దుగ్గిరాల దగ్గర ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్నయ్యాను. తను పెళ్లయి హైదరాబాదు వెళ్లి ఆర్టిస్టు అయింది. నేను చార్టుల మీద ఆకు భాగాలు, గుండె గదులు వేస్తూ ఉంటే తను ఎగ్జిబిషన్లు పెట్టింది. ఒకసారి పేపర్లో తన ఫోటో వచ్చింది. ఆ పేజీని వంటింట్లో పప్పు డబ్బాల కింద పరిచాను. డబ్బా తీసినప్పుడల్లా నవ్వుతూ కనిపించేది.

ఆర్మూరులో వీధి బొమ్మల పండుగ చేస్తున్నామని, ఊళ్లో గోడల మీద జనం చూస్తుండగా బొమ్మలు వేయాలని పిలుపు మొదట తనకే వచ్చింది. "మా కుసుమని కూడా పిలవండి, నాకంటే బాగా వేస్తుంది" అని తనే చెప్పిందట. అంటే నేను వెళ్లింది తన సిఫార్సు మీద. కడుపు మండడానికి ఇంతకంటే ఏం కావాలి? రానని చెప్పలేను, వెళ్లి సంతోషంగా ఉండనూ లేను. బ్రష్షులు సర్దుకుంటూ ఒకటే అనుకున్నాను. ఒక్క పూట, ఒక్క పూటైనా జనం తన గోడని వదిలేసి నా గోడ ముందు నిలబడాలి. ఆ తర్వాత జన్మంతా ఆకు భాగాలే వేసుకుంటాను.

బస్సులో

సికింద్రాబాదులో బస్సు ఎక్కగానే కిటికీ సీటు తనకు దొరికింది. "నువ్వు కూర్చుంటావా?" అని అడిగింది. "నాకు ఎదురుగాలి పడదు" అన్నాను. నిజానికి నాకు కిటికీ లేకపోతే కడుపులో తిప్పుతుంది. కామారెడ్డి దాకా కళ్లు మూసుకుని కూర్చున్నాను.

కామారెడ్డి దాటాక ముందు సీట్లోని పెద్దావిడ వెనక్కి తిరిగి మమ్మల్ని తీరిగ్గా చూసింది. మా వైపు ఆడవాళ్లు ముందు ఊరు అడిగి, తర్వాత ఇంటిపేరు అడిగి, ఆ తర్వాత గానీ అసలు సంగతికి రారు. ఈవిడకు అంత ఓపిక లేదు.

"ఏడికి బిడ్డా? ఏం పని మీద?"

నళిని చెప్పింది. గోడల మీద బొమ్మలు వేయడానికి ఇద్దరు ఆడవాళ్లు ఇంత దూరం బస్సులో వస్తున్నారంటే ఆమెకు నమ్మకం కుదరలేదు.

"ఏదీ, నా బొమ్మ ఏస్తవా మరి?"

బస్సు గతుకుల్లో ఎగురుతూ ఉంది. నళిని బిస్కెట్ అట్టపెట్టె చించి, లోపలి వైపున బాల్ పెన్నుతో నాలుగు గీతలు గీసింది. ముక్కుపుడక, చెవి పక్కన జారిన కొంగు, ఊరు దగ్గర పడుతోందన్న తొందర, అన్నీ వచ్చాయి. పెద్దావిడ అట్టముక్కను దూరంగా పెట్టి చూసింది.

"అమ్మో, గిది నేనే! ముక్కు సుత నాదే!"

అట్టముక్క బస్సంతా తిరిగింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి చూశాడు. అందరూ చూశాక పెద్దావిడ నా వైపు తిరిగింది.

"నువ్వేమేస్తవు బిడ్డా?"

"ఆకులు" అన్నాను.

ఆమె జాలిగా తల ఊపి, మాది ఏ ఊరని అడిగింది. దుగ్గిరాల అనగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. పసుపంటే మాదేనని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. "పేరు ఇన్న. మా పసుపు చూసినంక చెప్పు" అని ఆమె మళ్లీ ముందుకు తిరిగింది. ఆర్మూరు దగ్గర పడుతుంటే రోడ్డు పక్కన కళ్లాల్లో, ఇళ్ల ముందు, ఎక్కడ చూసినా ఆరబోసిన పసుపే. మా ఊరికంటే ఎక్కువేమీ కాదని నాకు నేను చెప్పుకున్నాను.

ఇద్దరు యారాండ్లు, ఒకటే గోడ

బస్టాండులో మమ్మల్ని తీసుకెళ్లడానికి పోశెట్టి వచ్చాడు. పండుగ చేస్తున్న సంఘానికి పెద్ద ఆయనే. ఒకప్పుడు బోర్డులు రాసేవాడు.

"కుంచె పట్టి బతికినోణ్ని మేడమ్. ఫ్లెక్సీలొచ్చి మా దుకానం మూసేయించినయి. ఏం జేస్త? నేను సుత ఫ్లెక్సీ మిషినే పెట్టుకున్న. ఏడాదికొక్కసారన్న రంగు వాసన జూద్దామని గీ పండుగ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ వేళ్లు ఊరికే ఉండలేదు, గాలిలో అక్షరాలు దిద్దుతున్నాయి.

పండుగ గురించి కట్టిన బ్యానరు కూడా ఫ్లెక్సీయే. దాని మీద నళిని ఫోటో పెద్దది. కింద 'ప్రముఖ చిత్రకారిణి నళిని మరియు బృందం' అని ఉంది. బృందం అంటే నేను.

ఆ పండుగలో ఒక పద్ధతి ఉంది. ఎవరి గోడ మీద బొమ్మ వేస్తే వాళ్ల ఇంట్లోనే పడక, వాళ్ల ఇంట్లోనే తిండి. మా వైపు అయితే ఏ లాడ్జిలోనో దింపి, క్యారేజీలు పంపి మర్యాద చేశామనుకుంటారు. ఇక్కడ గోడ ఇచ్చినవాళ్లు మనిషినీ ఇంట్లోకి తీసుకుంటారు. మాకు వచ్చినది మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా మొదలై సందులోకి పోయే ఒక పొడవాటి గోడ. ఒకప్పుడు ఒకే ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు గోడ కూడా పంచుకున్నారు. రోడ్డు మీది సగం పెద్దాయనది. ఆయన గల్ఫ్ నుంచి తిరిగొచ్చి దానికి సిమెంటు చేయించాడు. నున్నగా అద్దంలా ఉంది. సందులోని సగం తమ్ముడిది. మట్టి గోడ, దాని మీద సున్నం.

"నళిని మేడమ్ ముంగట, మీరు ఎనుక" అన్నాడు పోశెట్టి.

ఎప్పుడూ అంతే కదా అనుకున్నాను.

వెనక సగం గంగామణిది. నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వాళ్లాయన దుబాయిలో ఉన్నాడు. వేళ్లు ఆగకుండానే నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"మా యారాలుకు పెద్ద మేడమ్ వచ్చిందటగద?"

యారాలు అంటే తోటికోడలు. ముందు సగం గోడ గల సుగుణ అన్నమాట.

"అవును" అన్నాను.

"మరి నువ్వు?"

"నేను చిన్న మేడమ్ని."

ఆమె చేట పక్కన పెట్టింది. "పాలు పంచుకున్ననాడు సుత గంతే అక్కా. ముంగటిది ఆళ్లకు, ఎనుకది నాకు" అంది. ఆ మాటతో మేమిద్దరం ఒక పార్టీ అయిపోయాం.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం పెట్టింది. పుంటికూర అంటే ఏమిటో అనుకున్నాను. మా గోంగూరే. ఇంత దూరం వచ్చి గోంగూర తింటున్నానని ఒక పక్క నవ్వు వచ్చింది. మరో పక్క ముందింట్లోంచి నాటుకోడి కూర వాసన గోడ దాటి వస్తోంది. నళిని కోసం అంకాపూర్ నుంచి తెప్పించారట. మా ఊళ్లో చుట్టానికి వడ్డించి పక్కన నిలబడతారు. గంగామణి తన పళ్లెం కూడా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. మా ఆయన ఏం చేస్తాడో, పిల్లలు ఏం చదువుతున్నారో అడిగి, రొట్టె తుంచుతూ అసలు ప్రశ్న వేసింది.

"గామెకు నీకు ఎందుకు పడది?"

"పడకపోవడమేమిటి? ప్రాణ స్నేహితులం."

"మా యారాలు నేను సుత గట్లనే" అంది. ఇద్దరూ మాట్లాడుకుని రెండేళ్లు దాటిందని తర్వాత తెలిసింది.

పోచంపాడు

సాయంత్రం నళిని పోచంపాడు వెళ్దామంది. ఆర్మూరు నుంచి దగ్గరే. దారిలో మెండోర వైపు ఒక పొలం దగ్గర పసుపు ఉడకబెడుతుంటే దిగాం. పెద్ద కడాయి, కింద భగభగ మంట, పైన తెల్లటి ఆవిరి, చుట్టూ కొంగులు నడుముకు చెక్కుకున్న ఆడవాళ్లు. మా వైపూ ఉడకబెడతారు. కానీ ఆ ఆడవాళ్ల ముఖాల మీద మంట వెలుగు చూస్తుంటే నా బొమ్మ నాకు దొరికింది. పసుపు రాశుల మధ్య ఈ ఆడవాళ్లు, వెనకంతా పచ్చని పసుపు రంగు. మనసులోనే గీసుకున్నాను. నళినికి చెప్పలేదు, చెబితే తనే వేసేస్తుందని భయం.

తనకేం తక్కువ? ప్రాజెక్టు దగ్గర గోదావరి ఒడ్డున ఒక పడవ అంచు మీద కొంగ నిలబడి ఉంది. నళిని పుస్తకం తెరిచింది, గీసింది, మూసింది. నేను పుస్తకం తెరిచేసరికి కొంగ ఎగిరిపోయింది. పడవవాడు నళిని భుజం మీద నుంచి తొంగి చూశాడు.

"అబ్బ! గిప్పుడు ఎగుర్తదా అన్నట్టున్నది" అన్నాడు.

పక్కనే వాళ్లావిడ చేపలు వేయిస్తోంది. పది రూపాయలకు రెండు ముక్కలు, మీద ఉల్లిపాయ, నిమ్మకాయ. నళిని ఆకులో మూడు ముక్కలు పడ్డాయి. నా ఆకులో రెండే. చేప చాలా రుచిగా ఉంది. నేను ఆ మూడో ముక్కనే చూస్తూ తిన్నాను.

తిరిగి వచ్చే ఆటోలో తన పుస్తకం అడిగి ఆ కొంగను చూశాను. ఒక కాలు ముడుచుకుని, మెడ కొంచెం వెనక్కి లాగి, నీళ్లలోకి చూస్తోంది. నేను ఎంత ప్రయత్నించినా అలాంటి గీత రాదు. ఈ సంగతి నాకు తెనాలి బెంచీ మీద ఉన్నప్పుడే తెలుసు. "బాగుందా?" అంది నళిని. "ముక్కు పొడుగైంది" అన్నాను. కొంగకు ముక్కు పొడుగ్గా కాక ఎలా ఉంటుంది?

ఇంటికి వచ్చేసరికి గంగామణి మోచేతుల దాకా సున్నంతో ఎదురొచ్చింది. మేము లేని పూటంతా గోడకు సున్నం కొట్టిందట. మసక వెలుతురులో నా సగం గోడ సుగుణ సిమెంటు గోడ కంటే తెల్లగా మెరుస్తోంది.

"నీలిమందు సుత కలిపిన అక్కా. మా యారాలు ఇందాకటికెళ్లి నాలుగు సార్లు బయటికొచ్చి జూసింది" అంది ఆనందంగా.

శనివారం, కింది పూత

అసలు బొమ్మ ఆదివారం నాడు జనం ముందే వేయాలి. ముందురోజు గోడ సిద్ధం చేసుకుని కింది పూత పూసుకోవచ్చు. పొద్దున్నే నళిని నిచ్చెన ఎక్కి, గోడ మీద పాత ఎన్నికల రాతలు గోకి, ప్రైమర్ వేసి, దాని మీద లేత నీలం పరుస్తోంది. చూస్తుండగానే గోడ మీద గోదావరి వచ్చేసింది. నా సంచిలో స్కూలు తరఫున కొన్న పసుపు పౌడర్ రంగు ఉంది. తన నీలం పక్కన అది వెలవెలబోతుందని నాకు తెలుసు.

మనసు బాగాలేక యార్డులోకి వెళ్లాను. మేము కొమ్ములు, కాయలు అనేవాటిని వీళ్లు కాడి, గోల అంటున్నారు. డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టిన పసుపు అప్పుడే బయటకు పోస్తున్నారు. పక్కన మర పట్టిన పొడి. ఆ రంగు చూశాక నా చేతిలో ఉన్నది రంగే కాదనిపించింది. అక్కడే వచ్చింది ఆలోచన. ఆర్మూరు గోడ మీద ఆర్మూరు పసుపే పూస్తే? నళిని ఎన్ని ఎగ్జిబిషన్లు పెట్టినా ఇలాంటిది చేసిందా? జనం ఎవరి గోడ ముందు నిలబడతారో చూద్దాం.

గంగామణికి చెప్పగానే ఎగిరి గంతేసింది. ఇంట్లో ఉన్న పసుపంతా పెద్ద బేసిన్లో పోసింది. నేను తుమ్మజిగురు నానబెట్టి కలిపాను. ఒక అట్టముక్క మీద పూసి చూశాను. బంగారం. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ముందు వాకిట్లో సుగుణ తల దువ్వుకుంటున్నట్టు నటిస్తూ మా వైపే చూస్తోంది.

గోడ మీద మొదటి పూత వేశాను. కొంచెం నారింజగా కనిపించింది.

"అక్కా, గిదేంది గిట్లున్నది?" అంది గంగామణి.

"తడి మీద ముదురుగానే ఉంటుంది. ఆరితే తేలుతుంది" అన్నాను. పిల్లలకు క్లాసులో చెప్పే మాటే.

నిచ్చెన మీద నుంచి నళిని చూసింది. "కుసుమా, అది సున్నం కదే. సున్నం మీద పసుపు..."

"నాకు తెలుసులేవే" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే తను మళ్లీ తన గోడ వైపు తిరిగిపోయింది.

అప్పుడే ఆగి ఉండొచ్చు. ఒక మూల పాడైతే తుడుచుకోవచ్చు. కానీ పైనుంచి నళిని చూస్తోంది, కింద సుగుణ చూస్తోంది. గంగామణి ఆగనివ్వలేదు, నేను ఆగలేదు. పెద్ద కుంచెతో గబగబా గోడంతా పూసేశాం. చివరి పూత పూసి, వెనక్కి అడుగు వేసి చూశాను.

గోడ ఎర్రగా ఉంది. మామూలు ఎరుపు కాదు. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు, పళ్లెంలో పోసి పిల్లల చుట్టూ మూడుసార్లు తిప్పి వీధిలో పారబోసే ఎరుపు. పుట్టి బుద్ధెరిగిన ఆడది ఎవరైనా చేత్తో కలిపినదే. నేను మా పిల్లలిద్దరికీ కలిపాను. గంగామణి ఆ వారంలోనే కలిపిందట. ఇద్దరికీ తట్టలేదు. తునికాకు మూట నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక ముసలామె ఆగి, గోడను చూసి, మా ముఖాలు చూసింది.

"ఏందే గంగామణీ, గోడకు దిష్టి తీస్తున్నరా?"

ఇంకేముంది, వీధి వీధంతా నవ్వింది. సుగుణ దువ్వెన పడేసి లోపలికి పరిగెత్తి, వాళ్లాయన్ని పిలుచుకుని వచ్చి చూపించింది. యార్డులోంచి హమాలీలు వచ్చారు. నళిని నిచ్చెన దిగి, పెదవులు బిగబట్టి నిలబడింది. ఒక్క క్షణం ఆపుకుంది. తర్వాత తనూ నవ్వేసింది. మిగతావాళ్లు నవ్వితే సిగ్గేసింది. తను నవ్వితే ఏడుపొచ్చింది.

"నా ప్రైమర్ మిగిలిందే. దీని మీద కొట్టేద్దాం, నేనూ పడతాను ఒక చెయ్యి" అంది కాసేపటికి.

"అక్కర్లేదు. నాకు ఎరుపే కావాలి" అన్నాను.

"ముందు పసుపన్నావుగా?"

"ఇప్పుడు ఎరుపు కావాలి."

ఆ మాట అనేశాక ఎరుపు గోడతో ఏం చేయాలో ఆలోచించుకోవాలి కదా. గుమ్మంలో కూర్చున్నాను. గంగామణి చాయ్ తెచ్చి ఇచ్చి, నా పక్కనే కూలబడింది. "మా యారాలు ఇంటిల్లిపాదీ సంబురపడుతున్నరు" అంది. మేమిద్దరం ఆ చాయ్ చల్లారే దాకా తాగలేదు.

ఆదివారం

మెండోర దగ్గర చూసిన మంట గుర్తొచ్చింది. పసుపు రాశులు లేకపోతే పోయె. గోడంతా పొయ్యి వెలుగే అనుకుంటే సరి. మధ్యలో నల్లటి కడాయి, సున్నంతో తెల్లటి ఆవిరి, చుట్టూ మంట వెలుగులో ఆడవాళ్లు. పొద్దున్నే నల్లరంగు, సున్నం, కొద్దిగా జేగురు మట్టి పెట్టుకుని మొదలుపెట్టాను. క్లాసులో వెనక నలభై మంది పిల్లలున్నా వాళ్లు బోర్డు చూడరు, అల్లరి చేసుకుంటారు. ఇక్కడ అందరూ చేతినే చూస్తారు.

కానీ చూడటానికి ఎవరు వచ్చారనుకున్నారు? ఊరంతా వచ్చింది. దిష్టి గోడ సంగతి రాత్రికి రాత్రే నందిపేట దాకా పాకిందట. షేరింగ్ ఆటోలు దిగినవాళ్లు దిగినట్టే సందు అడుగుతున్నారు. నళిని గోడ ముందు నుంచి నడిచి, "గీడ కాదు, ఎనుక దిక్కు" అనుకుంటూ నా దగ్గరికి వస్తున్నారు. నవ్వడానికే వచ్చారు. వచ్చి నవ్వారు కూడా. అయితే ఒక బొమ్మ ముఖం పూర్తయ్యేసరికి నవ్వు తగ్గింది. రెండో ముఖం దగ్గర ఒకాయన, "గీమె మా పొలం కాడికొచ్చే పోసాని లెక్కున్నది" అన్నాడు. ఇంకో ఆవిడ కడాయి కింద కట్టెలు తక్కువయ్యాయంది. వేశాను. ఇంకొకాయన చేతికి జల్లిగరిట పెట్టమన్నాడు. పెట్టాను. బొమ్మ నేను వేస్తున్నానో, ఆర్మూరు వేయిస్తోందో తెలియలేదు. పోశెట్టి జనాన్ని వెనక్కి జరపమని అరిచి అరిచి, చివరికి తనే అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు.

మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. మూల మీద నళిని ఒక్కతే ఉంది. పోచంపాడు కొంగ గోడ మీద పూర్తయింది. బ్రష్షు చేతిలో పట్టుకుని, తన గోడను కాదు, నా జనాన్ని చూస్తోంది.

ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎన్నో ఏళ్లు అది నా ముఖం మీదే ఉంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గోంగూర, జొన్నరొట్టె, ఆ మూడో చేప ముక్క, అన్నింటికీ చెల్లుకు చెల్లయింది.

సాయంత్రం జనం పల్చబడ్డాక తను వచ్చింది. "నీకు భలే కలిసొచ్చిందే" అంది. బాగుంది అనలేదు. నేనూ తన కొంగను బాగుంది అనలేదు కదా.

ఆ రోజు పొద్దుగూకే వేళ గంగామణి నన్ను వాకిట్లో తూర్పు ముఖంగా నిలబెట్టి దిష్టి తీసింది. మళ్లీ అదే పసుపు, అదే సున్నం. ఊళ్లోవాళ్ల కళ్లు, దారిన పోయేవాళ్ల కళ్లు అంటూ మొదలుపెట్టి, గొంతు పెంచి "మా యారాలు కండ్లు" అని, తగ్గించి "పెద్ద మేడమ్ కండ్లు" అంది. గోడ మలుపులో నిలబడ్డ నళిని విననే విన్నది.

"నావి ముందు పెట్టండి. నావే గట్టిగా తగిలాయి" అంది.

అందరం నవ్వాం. తను నవ్వుతూనే అంది, కానీ నిజమే అంది.

తిరిగి వచ్చాక

సోమవారం బస్సులో కిటికీ సీటు నేను తీసుకున్నాను. హైదరాబాదులో విడిపోయాం. ఇంటికి వచ్చిన పదిహేను రోజులు మా స్టాఫ్ రూములో ఆర్మూరు తప్ప వేరే మాట లేదు. ఎరుపు గోడ ముందే అనుకుని వేశానని కూడా ఒకరిద్దరికి చెప్పాను.

ఒక మధ్యాహ్నం గంగామణి ఫోన్ చేసింది. గొంతులో పట్టలేని ఆనందం.

"కుసుమక్కా, నీ గోడ పచ్చగయింది!"

నాకు అర్థం కాలేదు. రోజురోజుకూ ఎరుపు తగ్గి, నారింజై, ఇప్పుడు నిఖార్సైన పసుపైందట. కొత్త సున్నం ఆరిపోయి పదును పోతే పసుపు మళ్లీ తన రంగుకు వస్తుందన్నమాట. అప్పుడు మంట వెలుగులో ఉన్న ఆడవాళ్లు ఇప్పుడు పట్టపగలు పసుపు కళ్లంలో నిలబడ్డట్టు కనిపిస్తున్నారట. నేను మొదట అనుకున్న బొమ్మే. మళ్లీ జనం వస్తున్నారట, మాయ గోడ అంటున్నారట.

"ఇంకొక్క ముచ్చట అక్కా. మా యారాలు మస్తు కుళ్లుకుంటున్నది. రంగులు మారే గోడ నాకు సుత గావాలె అని సున్నం తెప్పిచ్చింది. రేపు పొద్దుగాల ఏపిస్తదట. మల్ల నిన్నే పిలిపిస్తదట జూడు!"

"మంచి పని" అన్నాను. నవ్వాను కూడా. తర్వాత అడిగాను. "సున్నం ఏ గోడకు?"

"గామె గోడకే. గా కొంగ మీదికెళ్లి."

ఫోను పట్టుకుని నిలబడిపోయాను. నళిని గోడ పోతోంది. నా చేయి పడకుండా, నా మాట లేకుండా, దానంతట అదే పోతోంది. నేను చేయవలసిందల్లా ఊరుకోవడమే. పైగా ఆ గోడ కూడా నాకే ఇస్తారట, రోడ్డు మీది సగం.

ఒంటికాలి మీద మెడ వెనక్కి లాగి నీళ్లలోకి చూస్తున్న కొంగ కళ్ల ముందు కదిలింది. దాని మీద సుగుణ సున్నం కుంచె.

"గంగామణీ, ఫోను తీసుకెళ్లి మీ యారాలికి ఇవ్వు."

"గామెతోని నేను మాట్లాడ."

"నువ్వు మాట్లాడొద్దు. ఫోను చేతికిచ్చి రా."

చాలాసేపు బతిమాలాను. చివరికి చెప్పుల చప్పుడు, గేటు చప్పుడు వినిపించాయి. తర్వాత సుగుణ గొంతు, "ఎవరు?" అంటూ.

"సుగుణగారూ, నేను కుసుమని. మీరు సున్నం వేయించకండి. ఆ పసుపు రంగు ఉండేది కాదు. పసుపు బట్ట ఎండలో ఆరేస్తే ఏమవుతుందో మీకు తెలుసుగా? ఎండాకాలం అయ్యేసరికి వెలిసిపోతుంది. వానలకు సున్నంతో పాటు బొమ్మా రాలిపోతుంది. మీ గోడ మీద కొంగ అలా కాదు. అది ఉంటుంది."

"ఎన్నొద్దులుంటది?"

"మీ మనవలు చూస్తారు."

"అంటే మా గోడనే మంచిగున్నదంటరా?"

పక్కనే గంగామణి వింటోందని నాకు తెలుసు. అయినా తప్పదు. "మీదే బాగుంది. మొదటి నుంచీ మీదే బాగుంది" అన్నాను.

"నాకెర్కనే" అంది సుగుణ. ఫోను పెట్టేసింది.

గంగామణి నాతో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే ఫోన్ చేసి, గోడ వెలిసిపోతోందని చెప్పి, మళ్లీ ఎప్పుడొస్తావని అడిగింది. నళినికి ఇదేమీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. అందుకోసం రాయలేదంటే మీరు నమ్మరు.

మీరు ఎప్పుడైనా ఆర్మూరు వెళ్తే జొన్నరొట్టె, పుంటికూర పప్పు తినండి. పోచంపాడులో చేప ముక్కలు లెక్కపెట్టుకోండి. మార్కెట్ యార్డు గేటు ఎదురుగా మూల మీద ఒక కొంగ ఉంటుంది. ఆ పక్క సందులో నా గోడ ఉండేది, ఇప్పుడు వెతికినా ఏమీ కనిపించదు. కొంగ ముందు కాసేపు నిలబడి చూడండి. ఎలా ఉందో మాత్రం నాకు చెప్పకండి.